కాశీబాయి ఎవరు?

ఒంగోలు పాలీక్లినిక్‌లో
రెండో కిటికీ నాది.
ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో గుమాస్తాగిరీ,
ఇప్పుడు కాంట్రాక్టు మీద మళ్ళీ అదే పని.
తుపాకీ కంటే ఎక్కువగా
రబ్బరు ముద్ర పట్టినవాణ్ణి.

ఎనిమిదిన్నరకల్లా బెంచీలు నిండుతాయి.
షుగరు మాత్రల కోసం సుబేదార్లు,
మోకాళ్ళు అరిగిన హవల్దార్లు,
వరసలో తమ వంతు రాగానే
ఇప్పటికీ మడమలు కలిపేవాళ్ళు.
టంగుటూరు నుంచి వచ్చే ఒకాయన
నెలనెలా అదే ప్రశ్న:
"మావాడికి ఇరవై అయిదు దాటితే కార్డు ఆగిందే,
వాడి ఉబ్బసానికి ఆ లెక్క ఎవరు చెప్పాల?"
నేను రూలు చెబుతాను.
రూలు చెప్పడం సులువు,
చిన్నప్పుడు బట్టీపట్టిన ఎక్కంలా.

ఇవాళ కంభం నుంచి ఒకామె.
తొలి బస్సు, పొదిలిలో టీ,
చీమకుర్తి రాతిపొడి కొంగుమీద.
ఎరువుల సంచి కోసి కుట్టిన చేతిసంచిలోంచి
తువ్వాలు, తువ్వాల్లోంచి
పెనిమిటి డిశ్చార్జి బుక్కు.

"నలభైయో దినం చేసి వచ్చినా సార్.
ఆయనుండగా కార్డు తీసుకోలా,
నాకేం జబ్బు, రాయి మాదిరుండా అనేటోడు.
జబ్బు నాకొచ్చె.
కంటికి పొర. ఆపరేషన్ చెయ్యాలంటాండారు.
మంచులో అన్నేండ్లు కాపలా కాసినాడు గదా,
నా కంటికి కార్డొస్తాదా?"

వస్తుందమ్మా అన్నాను.
ఆయన పోయినా నీ హక్కు పోదు.
ఇది ఫారం, ఇక్కడ ఫొటో, పింఛను కాగితం జత.
ముందు మా డాక్టరు చూస్తాడు, చీటీ రాస్తాడు,
ఆ చీటీతో మన జాబితాలో ఉన్న ఆసుపత్రికి.
గుండె పట్టుకున్న రాత్రి మాత్రం
నా కిటికీ తెరిచేదాకా ఆగొద్దు,
దగ్గర్లోని ఆసుపత్రికి పో,
మాకు కబురు వాళ్ళు పంపుతారు.

ఆమె వేళ్ళమీద మడిచింది.
డాక్టరు. చీటీ. ఆసుపత్రి.
మూడో వేలు దగ్గర ఆగి
మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడు బుక్కు తెరిచాను.
నాయక్ దూదేకుల లాలప్ప.
భార్య: కాశీబాయి.
ఆధార్‌లో కాశింబీ.

"కాశీబాయి ఎవరమ్మా?"
ఆమె వెనక్కి తిరిగి చూసింది,
వరసలో ఇంకెవరినో పిలిచాననుకుని.

ఏం జరిగిందో నాకు తెలుసు.
ఎక్కడో ఉత్తరాదిన, రేకుల గదిలో,
తలెత్తకుండా అడిగుంటాడు గుమాస్తా.
కొత్తగా పెళ్ళయిన కుర్రాడు
సిగ్గుపడి గొణిగుంటాడు.
వినబడ్డంత రాసి
ముద్ర కొట్టుంటాడు.

అలాంటి గదిలో పదకొండేళ్ళు నేనూ కూర్చున్నాను.
గఢ్వాలీ పేర్లు, నాగా పేర్లు,
నా నోట తిరగనివన్నీ
నాకు తోచినట్టు దిద్దాను.
టీ చల్లారిపోతుందని
రెండక్షరాలు మింగిన రోజులున్నాయి.
ఏ కొండ ఊళ్ళో ఏ ఆడమనిషి
ఇవాళ ఏ కిటికీ ముందు
నేను రాసిన పేరు విని
వెనక్కి తిరిగి చూస్తోందో.

చెప్పాను. అఫిడవిట్టు కావాలి,
సైనిక సంక్షేమ ఆఫీసు సంతకం,
రికార్డు ఆఫీసుకి ఉత్తరం,
వాళ్ళ దగ్గర్నుంచి జవాబు.
నెలలు పట్టొచ్చు.

ఏడుస్తుందనుకున్నాను.
"ఇన్నేండ్లూ నాకు సవతి ఉందని తెల్దే సార్!"
అని పకపకా నవ్వింది.
బెంచీలన్నీ నవ్వాయి,
బీపీ చూపించుకుంటున్న సుబేదారు కూడా.
నవ్వయ్యాక
కన్ను తుడుచుకుంది, పొర ఉన్న కన్ను.
"నెలలంటే అది ఆగుతాదా?"

నాకు తెలియదు.
డాక్టరు గది వైపు చూశాను, తలుపు వేసుంది.
కొత్త కాగితం తీశాను.
నీ పేరు అక్షరం అక్షరం చెప్పమ్మా అంటే
"బడికి పోలేదయ్యా నేను.
నువ్వే రాయి,
ఈసారి ఇనుకోని రాయి."

వెనక టోకెన్ నలభై రెండు దగ్గుతున్నాడు.
పెన్ను కింద పెట్టాను.
తలెత్తి, ఆమె పెదాలు చూస్తూ
"మళ్ళీ ఒకసారి" అన్నాను.